పురిపెట్టిన రెండు రాగితీగలు

తాడుకు బలం నారలో కంటె పురిలోనే ఎక్కువ. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. నా చిన్నతనంలో మా కొత్తచెరువు చుట్టుపట్ల పల్లెలలో, వానలు మొగం చాటేసిన దినాలలో, పెద్దవారు చింతచెట్ల నీడన కూర్చుండి కిత్తనార తాళ్ళు పేనుతూ ఉండేవారు. ఒక కొనను చెట్టుకు కట్టి రెండో కొనను చేతితో త్రిప్పుతూ పోతే రెండు పేటలూ ఒకదాని నొకటి చుట్టుకొని విడదీయరాని ఒక్క తాడయ్యేవి. పొరుగున ఉన్న ధర్మవరంలో పట్టుదారానికి పురి పెట్టనిదే పడుగు సిద్ధం కాదు. అంగడిలో పొట్లం కట్టే సన్నని దారానికి మనవారు పెట్టిన పేరే పురికొస. (నెమలి విప్పే పురి వేరు, దారానికి పెట్టే పురి వేరు. ఈ భేదం చెప్పడానికి నేను తరగతిలో ఖర్చు చేసిన సుద్దముక్కలకు లెక్క లేదు.)

ఇప్పుడు వ్రాయబోయేది నార పురిని గురించి కాదు. గుండుసూది లావున్న రెండు రాగితీగలను ఒకదానిచుట్టూ ఒకటి మెలిపెట్టి, వాటిమీద మొదట మనిషి మాటను, ఆ తరువాత మనిషి రూపాన్ని, వాటితోపాటే విద్యుత్తును కూడ పంపిన చరిత్రను గురించి. తెలుగు పండితుడికి రాగితీగలతో ఏమి పని అని చదువరులు అడుగవచ్చు. కొన్నేండ్ల క్రిందటివరకు నాకూ ఏ పనీ లేదు.

మా వీధి గుడికి నాలుగు సీసీ కెమెరాలు పెట్టించాలని పెద్దలం ఐదుగురం కూర్చున్నాము. కెమెరాలు బిగించే వృత్తిలో ఉన్న నా పూర్వ శిష్యుడొకడు వచ్చి రెండు అంచనాలు వ్రాసి ఇచ్చాడు. "సార్, ఇది చవక. కెమెరాకు పన్నెండు వోల్టుల కరెంటును అదే కేబులులో మిగిలిన తీగల మీద పంపిస్తాము. ఇది రెండోది. నలభై యెనిమిది వోల్టుల స్విచ్చి పెట్టాలి, కెమెరాలు కూడ వేరే రకం. ఖర్చు ఎక్కువే కాని, గేటు దగ్గరి కెమెరా దూరం కదా, నా మాట వింటే రెండోదే మంచిది" అన్నాడు. వాని మాట నేను వినలేదు. దేవుని సొమ్ము పొదుపు చేయడం పుణ్యమనుకొని చవకదానికే వ్రేలు చూపించాను. తక్కిన నలుగురూ పంతులుగారు చెప్పారు కదా అని తల ఊపారు.

పగలు ఆ కెమెరాలు చూపిన చూపు ముచ్చటగా ఉండేది. గేటులో దూరిన మేక కొమ్ములు కూడ లెక్కపెట్టగలిగేవాళ్ళము. రాత్రివేళ ఏమి కనబడుతున్నదో చూడాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. మార్గశిరమాసంలో ఒక తెల్లవారుజామున హుండీ తాళం పగిలి ఉంది. రికార్డు త్రిప్పి చూస్తే గేటు కెమెరా సంధ్యవేళ దాకా చక్కగా నడిచింది. చీకటి పడగానే తెర నల్లబడింది. క్షణంపాటు వెలిగి మళ్ళీ నల్లబడింది. రాత్రంతా అదే తంతు.

గుడి మండపంలో ఒక కుర్రవాడు పడుకొనేవాడు. తల్లిదండ్రులు లేరు. గిన్నెలు తోమి, ముంగిలి ఊడ్చి, ప్రసాదం తిని బ్రదికేవాడు. వానిని ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఊరికే చూశారు. ఆ చూపులు నాలుగు దినాలు భరించి, ఐదవనాడు వాడు బెంగుళూరు బస్సెక్కి వెళ్ళిపోయాడు. దొంగ ఎవరో ఈనాటికీ తెలియదు. వాడు కాడని నేను నమ్ముతాను, కాని నమ్మకం సాక్ష్యం కాదు. సాక్ష్యం చెప్పవలసిన కన్ను ఆ రాత్రి మూసుకొని ఉంది. అది ఎందుకు మూసుకొన్నదో తెలుసుకొనవలెనని శిష్యుణ్ణి కూర్చోబెట్టి, పెన్సిలూ కాగితమూ పట్టుకొన్నాను. ఆనాడు మొదలైన వెదకులాట నన్ను నూట నలభై యేండ్ల వెనుకకు తీసుకొనిపోయింది.

మొదట తంతి సంగతి. మన దేశంలో 1854లో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన టెలిగ్రాఫుకు ఊరికీ ఊరికీ నడుమ ఒక్క తీగ చాలు. విద్యుత్తు తిరిగివచ్చే రెండో దారిగా భూమినే వాడుకొనేవారు. మాబోటి ఎండిన నేలలో భూమి విద్యుత్తుకు అంత మంచి దారి కాదు. ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్తుగుంతలో బిందెలతో నీళ్ళు పోయడం మా ప్రాంతంలో అందరూ ఎరిగినదే. అయినా తంతికి అది సరిపోయింది. ఎందుకంటే తంతి చెప్పేది టక్కు, టకటక్కు అనే రెండే మాటలు. నడుమ కొంత రొద కలిసినా అర్థం చెడదు. (టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యే కాలం నేను చూశాను. 2013 జూలైలో ఆ సేవ ముగిసినప్పుడు విచారించినవారిలో నేనూ ఒకణ్ణి. ఎందుకు విచారించానో చెప్పలేను.)

టెలిఫోను వచ్చేసరికి ఒక్క తీగ చాలలేదు. మనిషి గొంతు సన్నని అలల సముదాయం. దాని ప్రక్కన తంతి టకటకలు, ఇంకొకరి సంభాషణలు, తరువాత వచ్చిన విద్యుత్ ట్రాముల ఝుంకారాలు అన్నీ చేరి వినేవాని చెవిని హోరెత్తించాయి. దీనికి మందు కనిపెట్టినవాడు టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ తానే. తిరుగుదారికి భూమిని వదలి రెండో తీగను వేసి, ఆ రెంటినీ మెలిపెట్టమని చెప్పి 1881 జూలైలో అమెరికాలో పేటెంటు పొందాడు.

అందులోని కిటుకు ఇది. రొదచేసే కరెంటు తీగ ప్రక్కనుంచి రెండు తీగలు సమాంతరంగా పోతున్నాయనుకోండి. దగ్గరి తీగకు రొద ఎక్కువ అంటుతుంది, దూరపు తీగకు తక్కువ. పురి పెడితే ఒక అంగుళం మేర ఇది దగ్గర, మరుసటి అంగుళం మేర అది దగ్గర. కడకు రెండింటికీ అంటిన రొద సమానం. ఇక మాటను మాత్రం ఒక తీగలో ఎగువగా, రెండో తీగలో దిగువగా, ఒకదానికొకటి ఎదురుగా పంపుతారు. అవతలి కొననున్న యంత్రం రెండు తీగల నడుమ ఉన్న తేడాను మాత్రమే వింటుంది. సమానంగా అంటిన రొదకు తేడా సున్న కనుక అది మాయమవుతుంది. ఎదురెదురుగా నడచిన మాట మిగులుతుంది. నింద ఇద్దరి మీద సమంగా పడితే ఎవరినీ అంటదన్నమాట. (గుడిలో నింద ఒక్కని మీదనే పడింది.)

స్తంభాల మీద బారుగా లాగిన తీగలకు అంగుళం అంగుళానికీ మెలిపెట్టడం కుదరదు. అందుకని కొన్ని స్తంభాల కొకసారి రెండు తీగలనూ అటుది ఇటు, ఇటుది అటు స్థానం మార్చేవారు. చిన్నతనంలో రైలు కిటికీలోనుంచి తెల్లని పింగాణీ కప్పులను లెక్కపెడుతూ పోతుంటే తీగలు ఉన్నట్టుండి ఒకదానినొకటి దాటేవి. అది పనివాని పొరపాటని అనుకొనేవాణ్ణి. అదీ పురియేనని అరవై దాటాక తెలిసింది.

బెల్ పేటెంటుకు మరుసటి యేడు 1882. ఆ యేడాది జనవరిలో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరాలలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు తెరిచారు. అదే యేడాది బళ్ళారి జిల్లానుంచి విడదీసి మా అనంతపురం జిల్లాను ఏర్పరచారు. అదే యేడాది సెప్టెంబరులో న్యూయార్కులో ఎడిసన్ తన పెర్ల్ వీధి విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించాడు. ఈ మూడింటికీ సంబంధం లేదు కాని, మూడోది మన కథకు అవసరం. ఎడిసన్ పంపినది 110 వోల్టుల విద్యుత్తు. అంత తక్కువ వోల్టేజితో మైలు దూరం దాటి పంపబోతే సగం దారిలోనే వేడిగా మారి పోయేది. తీగ లావు పెంచుకొంటూ పోవడానికి రాగి బంగారమంత ప్రియమయ్యేది. అందరూ నిలువెత్తు గోపురాలవంటి స్తంభాలపై లక్షల వోల్టులతో కరెంటు పంపే పద్ధతికి మళ్ళింది ఇందుకే. మా గుడి గేటు దగ్గర ఓడిపోయింది కూడ ఎడిసన్ ఓడిపోయిన లెక్కలోనే.

తొలినాటి టెలిఫోనుకు ఇంటింటా ఒక బ్యాటరీ ఉండేది, పిలవడానికి చేతితో త్రిప్పే మర ఉండేది. 1890ల నాటికి ఇంటి బ్యాటరీలను తీసివేసి ఎక్స్ఛేంజీలోనే ఒక పెద్ద బ్యాటరీల వరుసను పెట్టి, అక్కడినుండి అందరికీ మాటలు పోయే ఆ జంట తీగల మీదనే విద్యుత్తును కూడ పంపసాగారు. మాటకూ మేతకూ ఒకటే దారి! రెండేసి వోల్టుల సీసపు బ్యాటరీ అరలు ఇరవైనాలుగు వరుసగా కలిపితే 48 వోల్టులు. మనిషి తాకినా ప్రాణానికి ముప్పులేనంత తక్కువ, కొన్ని మైళ్ళు నడిచినా చావనంత ఎక్కువ. ప్రపంచమంతటా టెలిఫోను శాఖలు ఈ అంకెకే వచ్చి నిలిచాయి. ఫోను అడిగేదీ స్వల్పమే. ఆంపియరులో నూరవ వంతులు రెండు మూడు ఉంటే అది మాట్లాడుతుంది. (గంట మ్రోగించడానికి పంపేది మాత్రం 75 వోల్టులకు పైబడిన విద్యుత్తు. స్తంభమెక్కి తీగ పట్టుకొన్న లైన్‌మన్‌కు సరిగ్గా అప్పుడే ఎవరైనా ఫోను చేస్తే ఆయన నోట వచ్చే పదాలు నిఘంటువులలో దొరకవు.)

మనవైపు పల్లెలకు ఈ జంట తీగ చాలా ఆలస్యంగా వచ్చింది. 1984 ఆగస్టులో ఏర్పడిన సీ-డాట్ సంస్థ చల్లనిగది అవసరం లేని, దుమ్మునూ ఎండనూ ఓర్చుకొనే చిన్న ఎక్స్ఛేంజిని తయారుచేసి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టింది. 128 తీగల ఆ చిన్నపెట్టె తరువాత దేశమంతటా పల్లెలకు పాకింది. పసుపుపచ్చని ఎస్టీడీ బోర్డులు వెలిశాయి. మా ఇంటికి ఫోను వచ్చింది 1990లలో. వచ్చిన దినం నుండి అది మా ఇంటిది కాదు, వీధిది. ఆ రోజులలో "పీపీ నంబరు" అనే ఏర్పాటు ఉండేది, ఈ తరానికి తెలియదు. పొరుగింటి ఫోను నంబరును మన నంబరుగా ఇచ్చుకోవడం. మా నంబరు ఎన్ని కుటుంబాలకు పీపీ నంబరో నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. ఆ సగటు కూడ నిలకడగా పడదు. 2002లో వాన ఎగగొట్టినప్పుడు వేరుసెనగ విత్తనం కూడ తిరిగి రాలేదు. మా వీధి మగవారిలో సగం మంది బెంగుళూరులో ఇటుకలూ సిమెంటూ మోయడానికి వెళ్ళారు. రాత్రి ఎనిమిది దాటాక ఫోను మ్రోగేది. "అమ్మా, ఒక్క మాట మా ఇంటావిడిని పిలుస్తారా" అని. నా భార్య గోడమీదుగా కేక వేసేది. ఆ ఇంటి ఇల్లాలు చేతులు తుడుచుకొంటూ పరుగున వచ్చేది. ఆ వేళకు ఊరికి కరెంటు ఉండేది కాదు, ఇంట్లో లాంతరు వెలుగు. అయినా ఫోను మ్రోగేది. కరెంటు లేకున్నా ఫోను ఎట్లా మ్రోగుతుందని ఒకామె అడిగితే, అది వేరే కరెంటు అని చెప్పి ఊరకున్నాను. నాకూ అంతే తెలుసు. ఆ 48 వోల్టులు ఎక్కడో ఎక్స్ఛేంజిలో బ్యాటరీల వరుస నుండి బయలుదేరి, మాటతో చేయి పట్టుకొని, చీకటిలో మా ఇంటిదాకా నడిచి వచ్చేవని ఇప్పుడు తెలిసి ఏమి లాభం!

ఈ తీగలు తయారైన చోట్లలో ఒకటి తెలుగునేలపైనే ఉండేది. టెలిఫోను కేబుళ్ళ కోసం కేంద్రప్రభుత్వం 1952లో స్థాపించిన హిందుస్తాన్ కేబుల్స్ సంస్థ, పశ్చిమబెంగాలులోని రూప్‌నారాయణ్‌పూర్‌లో మొదలై, తరువాత హైదరాబాదులోనూ కర్మాగారం పెట్టింది. కాగితం చుట్టిన పాత కేబులులోకి నీటిచుక్క దిగితే ఆ వీధి ఫోనులన్నీ మూగబోయేవి. అందుకు విరుగుడుగా తీగల నడుమ జెల్లీ నింపిన కేబుళ్ళు వచ్చాయి. మా జిల్లాలో వాన తక్కువ కనుక ఈ బెడద ఉండదని ఎవరైనా అనుకొంటే పొరపాటు. ఏడాదికి పడే నాలుగు వానలలో మూడు సరిగ్గా కేబులు అతుకు మీదనే పడేవి. సెల్‌ఫోనులూ గాజుతీగలూ వచ్చిన తరువాత రాగి కేబులును అడిగేవారు లేకపోయారు. 2003 నుండి ఆ సంస్థలో ఉత్పత్తి ఆగింది. 2016 సెప్టెంబరులో దానిని మూసివేయడానికి కేంద్ర మంత్రిమండలి ఆమోదం తెలిపింది.

అయితే ఆ కేబులు ఒక వారసత్వం మిగిల్చింది. వందల జంటలున్న కేబులులో ఏ జంట ఎవరిదో పోల్చుకోవడానికి నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద అనే వరుసలో రంగులు వాడేవారు. నేడు కంప్యూటర్లకూ కెమెరాలకూ వాడే కేబులును కోసి చూడండి. లోపల నాలుగు జంటలు. రంగులు నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, ప్రతిదానికీ తోడుగా తెల్లచార. అదే వరుస! నాలుగు జంటలకూ పురి నాలుగు విధాలుగా ఉంటుంది. ఒకటి బిగువు, ఒకటి వదులు. అన్నిటికీ ఒకే పురి ఉంటే ఒక జంట మాట ప్రక్క జంటకు వినబడుతుంది. శిష్యుడు ఆ జంటలను విప్పి నా అరచేతిలో పెట్టినప్పుడు నాకు మా ఊరి తాళ్ళు గుర్తుకు వచ్చాయి. "దీనికి తెలుగులో ఏమంటారు సార్" అని అడిగాడు. పురిజంట అన్నాను. బాగుందో లేదో చదువరులే చెప్పాలి.

కెమెరా సంగతికి వస్తాను. ఒకచోట జరిగేదాన్ని తీగ ద్వారా మరొకచోట కూర్చుండి చూసే ఏర్పాటును 1942లో జర్మనీలోని పీనెమ్యుండెలో రాకెట్ ప్రయోగాలను దూరంనుండి గమనించడానికి పెట్టారు. దానిని రూపొందించినవాడు వాల్టర్ బ్రుఖ్ అనే ఇంజనీరు. యుద్ధానంతరం ఈయనే టెలిఫుంకెన్ సంస్థలో రంగుల టెలివిజనుకు పాల్ అనే పద్ధతిని కనిపెట్టాడు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలనాడు మన దేశం రంగులు చూసింది ఆ పద్ధతిలోనే. మన అంగళ్ళలో, బ్యాంకులలో మొదట వెలసిన సీసీ కెమెరాలు బొమ్మ పంపిందీ ఆ పద్ధతిలోనే. ఇల్లు కాపలాకాసే కెమెరాకు 1966లో పేటెంటు కోరి 1969లో పొందినవారిలో మొదటి పేరు న్యూయార్కు నగరపు నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్‌ది. వేళకాని వేళ తలుపు తట్టేదెవరో తెలియక భయపడిన స్త్రీ కనిపెట్టిన సాధనమది.

ఆ కెమెరాల బొమ్మను మోసినది మొదట పురిజంట కాదు, కో-యాక్సియల్ కేబులు. నడుమ ఒక తీగ, దానిచుట్టూ గొట్టంలా జల్లెడతీగ. కేబుల్ టీవీవారు మన మిద్దెలమీదుగా లాగిన నల్లతీగ ఆ జాతిదే. లావు, బరువు, ఖరీదు. కరెంటుకు వేరే తీగ లాగాలి. దీనికి ప్రత్యామ్నాయంగా బాలన్ అనే బొటనవ్రేలంత సాధనం వచ్చింది. ఒంటి తీగ మీద వచ్చే బొమ్మను జంటతీగకు తగినట్లు ఎదురెదురు అలలుగా మార్చడం, అవతలి కొనన మళ్ళీ కలపడం దాని పని. దీనితో నాలుగు జంటల సన్నని కేబులు ఒక్కటి లాగితే ఒక జంట మీద బొమ్మ, మిగిలిన వాటి మీద 12 వోల్టుల విద్యుత్తు. మా గుడికి నేను ఎంచుకొన్నది ఈ ఏర్పాటే. ఏర్పాటులో దోషం లేదు. దూరం తెలియకుండా వాడడంలో ఉంది.

మా లెక్క ఇదిగో. గేటునుండి రికార్డు పెట్టె ఉన్న గదికి 80 మీటర్లు. అర మిల్లీమీటరు రాగితీగకు, పోను రాను, సుమారు 14 ఓములు అడ్డు. పగటివేళ కెమెరా అడిగేది 0.15 ఆంపియరు. రెండింటినీ గుణిస్తే దారిలో పోయేది 2.1 వోల్టులు. 12లో 9.9 అందుతుంది, కెమెరా ఎలాగో పనిచేస్తుంది. చీకటి పడగానే కెమెరా చుట్టూ ఉన్న కంటికి కనబడని ఎర్రకాంతి దీపాలు వెలుగుతాయి. అప్పుడు అడిగేది 0.4 ఆంపియరు. దారిలో పోయేది 5.6 వోల్టులు. అందేది 6.4. కెమెరా పడిపోతుంది. పడిపోగానే దీపాలు ఆరుతాయి, భారం తగ్గి వోల్టేజి లేస్తుంది, కెమెరా కన్ను తెరుస్తుంది, చీకటిని చూసి దీపాలు వెలిగిస్తుంది, మళ్ళీ పడిపోతుంది. రాత్రంతా అదే తంతు అని పైన వ్రాశానే, అది ఇది. విత్తనాలకోసం మూట కట్టిన గింజలను దారి పొడుగునా ఎలుకలు తింటుంటే పొలానికి చేరేది ఖాళీ మూట కదా! చవక కేబులులో రాగికి బదులు రాగిపూత పూసిన అల్యూమినియం ఉంటే అడ్డు ఇంకా ఒకటిన్నర రెట్లవుతుంది. మిగిలిన మూడు జంటలనూ కరెంటుకే కలిపి కట్టి ఉంటే అడ్డు మూడో వంతుకు దిగేది. మా కేబులులో రెండు జంటలు ఊరికే వ్రేలాడుతున్నాయని తరువాత తెలిసింది. శిష్యుడు బిగించడానికి పంపిన పనివాడు ఎవరూ అడగలేదని వదిలేశాడు. అడగవలసినవాణ్ణి నేను.

అదే పనిని 48 వోల్టులతో చేస్తే? రాత్రి కెమెరాకు కావలసినది అయిదు వాట్లకు కొంచెం తక్కువ. దానికి 0.1 ఆంపియరు చాలు. దారిలో పోయేది 1.4 వోల్టులు, 46కు పైగా గేటు దగ్గరికి చేరుతాయి. వోల్టేజి నాలుగింతలైతే కరెంటు నాలుగో వంతు, తీగలో వేడిగా పోయే నష్టం పదహారో వంతు. ఎడిసన్‌కు అక్కరకు రాని ఈ లెక్క టెలిఫోనువారికి తెలుసు. వారి 48 వోల్టులనే కంప్యూటరు జాలాలవారు 2003లో మళ్ళీ ఎత్తుకొన్నారు. ఆ యేడాది వెలువడిన ప్రమాణం ప్రకారం సమాచారం పోయే కేబులు మీదనే 15.4 వాట్ల విద్యుత్తును 100 మీటర్ల వరకు పంపవచ్చు. 2009లో దానిని 30 వాట్లకు, 2018లో 90 వాట్లకు పెంచారు. బొమ్మను అంకెలుగా మార్చి పంపే కెమెరాలు ఈ పద్ధతితో నడుస్తాయి. హైదరాబాదులో ప్రభుత్వ కర్మాగారం మగ్గం ఆపిన యేడాదే పురిజంట మరో జన్మ ఎత్తిందన్నమాట.

ఈ కొత్త పద్ధతిలో నన్ను ఆకట్టుకొన్న విశేషం ఒకటుంది. స్విచ్చి 48 వోల్టులను ఎవరికంటే వారికి ఇవ్వదు. ముందు పది వోల్టులకు మించని కొద్దిపాటి వోల్టేజితో తడిమి చూస్తుంది. అవతల 25 కిలో ఓముల నిరోధం ఉంటే తన వాడే అని గుర్తించి, ఎంత కావాలో తెలుసుకొని, ఆ తరువాతే పూర్తి వోల్టేజి ఇస్తుంది. విద్యుత్తు వద్దనే కంప్యూటరు పొరపాటున తగిలిస్తే చెడిపోకుండా ఈ జాగ్రత్త. అపాత్రదానం కూడదని మన పెద్దలు చెప్పినది యంత్రాలకు ఇంత చక్కగా వంటబట్టింది.

ఇప్పుడు కెమెరాలు ఎక్కడ చూసినా ఉన్నాయి. జనం గుమికూడే సంస్థలు వాటిని పెట్టుకోవాలని 2013లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. అవి ఉండడం వేరు, చూడడం వేరు. ఏ కెమెరా అయినా రాత్రి పది గంటలకు ఒకసారి తెరమీద చూడనిదే దానికి డబ్బు చెల్లించకూడదని నా అభిప్రాయం.

మా ఇంటి ఫోను తీగ చాలాకాలం క్రిందటే చచ్చిపోయింది. బదులుగా స్తంభం మీదుగా గాజుతీగ వచ్చింది. అది మోసుకొచ్చే సమాచారం పాతదానికి వేలరెట్లు. కాని గాజు వెలుగును మోస్తుంది, విద్యుత్తును మోయదు. వీధిలో కరెంటు పోతే పెట్టె ఆరిపోతుంది, ఫోనూ ఆరిపోతుంది. ఒక గాలివాన రాత్రి సెల్‌టవరు కూడ పడుకొంటే, గోడకు ఇంకా వ్రేలాడుతున్న ఆ పాత జంట తీగ వంక నా భార్య చూసి, "ఇది ఉంటేనా" అన్నది. తీసివేద్దామని రెండుసార్లు నిచ్చెన వేసి కూడ తీయలేదు.

గుడికి మళ్ళీ డబ్బు పోగుచేసి, నా వంతు కొంచెం ఎక్కువ వేసి, 48 వోల్టుల స్విచ్చీ కొత్త కెమెరాలూ పెట్టించాము. కేబులు అచ్చమైన రాగిదా కాదా అని ముక్క కోసి చాకుతో గీకి చూశాను. శిష్యుడు నవ్వాడు. బిగించిన రాత్రి తొమ్మిదిన్నరకు ఇద్దరమూ తెరముందు కూర్చున్నాము. గేటు, వేపచెట్టు, హుండీ, మండపం, అన్నీ వెన్నెలలో కడిగినట్లు కనబడ్డాయి. మండపంలో ఎడమవైపు స్తంభం వెనుక ఒక మూల ఉంది. ఆ కుర్రవాడు చాప పరుచుకొనేది అక్కడే. చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. వాని నంబరు ఎవరి దగ్గరా లేదు. బెంగుళూరులో పనిచేసే మా వీధివారు పండుగలకు వచ్చినప్పుడల్లా అడుగుతున్నాను.